గట్టు మనిషి

రాజాబాబు శవాన్ని బావిలోంచి లాగి సిమెంటు గచ్చు మీద పడుకోబెట్టినప్పుడు, కాంట్రాక్టరు భుజంగరావు పరుగున వచ్చి మొదట అడిగిన మాట, "పంపులకేమీ అవలేదు కదా?" అని. నేను అక్కడే ఉన్నాను. శవాన్ని పైకి తెచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. నా చొక్కా మీద, మెడ మీద, నోట్లో కూడా ఆ మురుగే ఉంది. ఆయన నాకేసి చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, అదే మాట మళ్ళీ అడిగాడు.

పంపులకేమీ అవలేదు. మర్నాడు మంత్రి వచ్చి మీట నొక్కాల్సిన కొత్త పంపులవి.

ఇది తొంభయ్యో దశకం మధ్యలో జరిగిన సంగతి. అప్పటికి మా భిలాయి ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఊరు పెరిగిపోయింది. స్మృతి నగర్ లాంటి కాలనీల్లో మేడలు లేచాయి, ఇంటికి రెండేసి స్నానాలగదులు వచ్చాయి. పాత గొట్టాలు ఆ మురుగును మొయ్యలేక ఎక్కడికక్కడ పగిలి రోడ్ల మీద పొంగేవి. అందుకని సర్కారు పెద్ద పథకం వేసింది. కొత్త గొట్టాలు, రుఆబాంధా అవతల లోతైన బావి, ఆ బావిలో చేరిన మురుగును తోడి శుద్ధి చేసే చెరువుల్లోకి పంపే పంపుహౌసు. మంచిదే, మురుగు శుభ్రం చేస్తామంటే వద్దనేదెవరు? కానీ మేముండే క్యాంప్ 2కి ఆ పటంలో ఒక్క గొట్టం కూడా గియ్యలేదు. మా చేతులతో తవ్వి, మా భుజాల మీద గొట్టాలు మోసి, పెద్దవాళ్ళ మురుగుకు దారి వేశాం. మా మురుగు మాత్రం మా గుమ్మాల ముందే పారుతూ ఉండిపోయింది.

మా గ్యాంగులో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళం. ఉక్కు ప్లాంటులో పర్మనెంటు అయినవాళ్ళ తమ్ముళ్ళం, మేనల్లుళ్ళం, ఆ గేటు దాటి లోపలికి పోలేక బయట మిగిలిపోయినవాళ్ళం. మిగతా సగం చుట్టుపక్కల పల్లెల్లో పొలాలు పోయి కూలికొచ్చిన ఛత్తీస్‌గఢ్ వాళ్ళు. వాళ్ళ మాట మాకు సగం వచ్చు. మా మాట వాళ్ళకు అంత కూడా రాదు. అందుకని మాలో మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. బావిలోకి గాని మేన్‌హోల్లోకి గాని ఒకడు దిగాడంటే గట్టు మీద ఒక మనిషి నిలబడాలి. వాడికి రెండు భాషలూ రావాలి. వాడి చేతిలో తాడుండాలి, ఆ తాడు రెండో కొస కిందున్నవాడి నడుముకి ఉండాలి. కింద నుంచి ఏ కేక వచ్చినా విని, గేటు చక్రం దగ్గరున్నవాడికి వాడి భాషలో చెప్పాలి. అతణ్ణి గట్టు మనిషి అనేవాళ్ళం. ఈ పద్ధతి మాకు ఏ ఇంజనీరూ నేర్పలేదు, భయం నేర్పింది.

మా గట్టు మనిషి సుబ్బు. క్యాంప్ 2లోనే పుట్టినవాడు, తెలుగు తడుముకుంటాడు గాని హిందీ ధారాళంగా మాట్లాడతాడు. మురుగును బావిలోకి వదిలే గేటు చక్రం బిసాహు చేతిలో ఉండేది. బిసాహు ఛత్తీస్‌గఢ్ మనిషి. అతని భార్య సుక్వారో బాయి, రాజాబాబు భార్య తులసమ్మ ఇద్దరూ మాతోనే కంకర మోసేవారు.

మధ్యాహ్నం అన్నాలు అందరం కలిసే తినేవాళ్ళం. తులసమ్మ తెచ్చే పులుసంటే బిసాహుకు ప్రాణం. ఆవిడ రెండు గరిటెలు పోసి, "చాలా?" అని అడిగేది. హిందీలో చాలూ అంటే నడవనియ్యమని. వదినను వాళ్ళు భౌజీ అంటారు. వాడు సంబరంగా, "హాఁ భౌజీ, చాలూ, చాలూ" అనేవాడు. ఆవిడ గరిటె తీసేసేది. వాడు పళ్ళెం కేసి, ఆవిడ కేసి మార్చి మార్చి చూసి లబోదిబోమనేవాడు. రాజాబాబు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"ఒరే బిసాహూ, మా కాడ చాలు అంటే బస్, బంద్. ఇంకా కావాలంటే చాల్దు అనాల. అను."

"చాల్దు, భౌజీ," అని పళ్ళెం ముందుకు తోసేవాడు బిసాహు. అలా నేర్చుకున్నాడు మా భాషలో ఆ ఒక్క మాట.

ముహూర్తానికి ముందురోజు పొద్దున్న, పంపు మూతికి సిమెంటు పెళ్ళలు అడ్డం పడ్డాయని తెలిసింది. దిగి తియ్యాలి. దిగే పని రాజాబాబుది. తాడు కోసం వెతికితే లేదు. భుజంగరావు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని, కాయితాల పూలదండలు కట్టిస్తున్నాడు.

"తాడు నేదు బాబూ," అన్నాడు రాజాబాబు.

"సాయంత్రానికి కొత్తది తెప్పిత్తాను. దిగు. ముందు పని అవనీ."

"తాడు నేకుండా ఎలాగ దిగమంటారు?"

"దిగనోడు రేపట్నుంచి రానక్కర్నేదు," అన్నాడు భుజంగరావు, దండ కేసి చూస్తూనే.

రాజాబాబు గోడకున్న ఇనప మెట్లు పట్టుకుని దిగాడు. అంతలో భుజంగరావు సుబ్బును పిలిచి, రోడ్డు వెంట బంతిపూల కుండీలు సర్దమన్నాడు. "బావి మే ఆద్మీ హై సాబ్, గట్టు మీద ఉండాల," అని సుబ్బు మొత్తుకున్నాడు. "ఆల్లూ ఆల్లూ అరుసుకుంటార్లే, నువ్వు నడు," అని చెయ్యి పట్టి పంపేశాడు. ఇదంతా మేం చూస్తూనే ఉన్నాం. మా అందరికీ కుండీలో, సున్నమో, జెండాలో ఏదో ఒక పని పెట్టాడు. బావి దగ్గర రాజాబాబు ఒక్కడు, గోడ వెనక చక్రం దగ్గర బిసాహు ఒక్కడు మిగిలారు.

పెళ్ళల చుట్టూ గట్టిపడ్డ మడ్డి కదలాలంటే కాస్త నీళ్ళు వదలాలి. బిసాహు చక్రం కొద్దిగా తిప్పాడు. అది స్మృతి నగర్‌లో అందరూ స్నానాలు చేసే వేళ. గొట్టం నిండా మురుగు వస్తోంది. కింద నుంచి రాజాబాబు, "చాలు" అని కేకేశాడు.

బిసాహు ఇంకా తిప్పాడు.

"చాలు, చాలు," అని ఈసారి గొంతు చించుకున్నాడు రాజాబాబు. తొందరపెడుతున్నాడనుకుని బిసాహు రెండు చేతులతో గబగబా తిప్పాడు. రాజాబాబు ఎంత గట్టిగా ఆపమన్నాడో వాడు అంత త్వరగా వదిలాడు. ఆ ఉరవడిలో రాజాబాబు ఇనప మెట్ల దాకా రాలేకపోయాడు. అన్నం దగ్గర నేర్చుకున్న మాట, చెయ్యి చక్రం మీద ఉన్నప్పుడు గుర్తుకు రాలేదు. పుట్టిన భాషే ముందొచ్చింది. కేకలు ఆగిపోయాక, పని బాగా సాగుతోందనుకుని చక్రానికి ఆనుకుని బీడీ వెలిగించుకున్నాడు.

మొదట బావిలోకి చూసింది సుక్వారో బాయి. ఆమె అరుపుకు మేమంతా పరుగెత్తాం. "తాడేదిరా, తాడు," అని అరుస్తున్నాం గాని తాడు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. తుండుగుడ్డలు ముడేసి దింపాం, అందలేదు. గేటు మూసి, వెదురుకి కొక్కెం కట్టి దేవాం. ఆ కొక్కెం చివరికి అతని భుజంలో గుచ్చుకుంది. అలా తీశాం మా రాజాబాబుని. పంపు మూతికి అడ్డంపడ్డ పెళ్ళలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

"ఎందుకు తిప్పావురా?" అని ఎవరో బిసాహు గొంతు పట్టుకున్నారు.

"వాడే చాలూ అన్నాడు," అన్నాడు బిసాహు హిందీలో. అన్నాక, ఆ మాట వాడి చెవినే పడింది. మొహం మారిపోయింది. నేల మీద కూలబడి తల చక్రానికేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరు కంటే ముందు పోలీసులు వచ్చారు. బిసాహుని జీపులోకి తోశారు.

సాయంత్రం దహనం చేసి వచ్చేసరికి భుజంగరావు కారు క్యాంప్ 2 సందు మొదట్లో ఉంది. భుజంగరావుది విజయనగరం పక్క. తెలుగు సంఘానికి అధ్యక్షుడు, వినాయక చవితికి పందిరి వేయిస్తాడు, కనిపిస్తే ఏ ఊరమ్మా మీది అని ఆరా తీస్తాడు. మా చేత మేన్‌హోళ్ళలో దింపించేదీ ఆయనే. తులసమ్మ గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు, దానికేం తక్కువ లేదు.

"సూడు తులసమ్మా, మనమంతా ఒక పక్కోలం. మనోణ్ణి ఆ బిసాహుగాడు కావాలనే సంపేసినాడు. ఆల్లిద్దరికీ పాత తగువుందని రేపు పోలీసు ఠాణేదారు ముందర ఒక్క మాట సెప్పు. మంత్రిగారి సేతుల మీదుగా నీకు సాయం ఇప్పిత్తాను. ఆడికి ఉరో, యావజ్జీవమో పడతాది."

తులసమ్మ తలెత్తి, "తాడు ఏటయిపోనాది బాబూ?" అని అడిగింది.

భుజంగరావు ఒక్క క్షణం తడబడ్డాడు. "తాడా? ఆ బిసాహుగాడే దాసీసినాడమ్మా. అందుకే గదా నాను కావాలనే సంపినాడంటన్నాను."

ఆ మాట సందంతా పాకిపోయింది. తాడు కూడా దాచాడట. మా కుర్రాళ్ళు కర్రలు తీశారు. ఛత్తీస్‌గఢ్ వాళ్ళ గుడిసెల వైపు, తెలుగువాళ్ళు తగలబెట్టడానికొస్తున్నారని భుజంగరావు మనుషులే ముందుగా పుకారు లేపి వచ్చారు. వాళ్ళూ కర్రలు తీశారు. పొద్దున్న ఒకే కొక్కెం పట్టుకుని ఒకే శవాన్ని లాగిన చేతులు, సాయంత్రానికి ఒకరి తల ఒకరు పగలగొట్టడానికి సిద్ధమయ్యాయి. కాంట్రాక్టరుకు కావలసింది అదే. మేం ఎంత సులువుగా అందులో పడిపోయామో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రెండు గుంపుల మధ్యకి సుక్వారో బాయి వచ్చింది. ఒక్కర్తే వచ్చింది. "తులసీ దీదీతో మాట్లాడాలి," అంది.

"నీ మొగుడు సేసింది సాలదేటి? ఎల్లు," అని ఎవడో ఆమెను తోశాడు. ఆమె పడి, లేచి, మళ్ళీ అక్కడే నిలబడింది.

సుబ్బు ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. "నన్ను కొట్టండి ముందు. గట్టు మనిషిని నేను. నన్ను గట్టు మీంచి లాగింది ఎవరో మీరందరూ చూసినారా లేదా? కుండీలు పెట్టమని పంపింది బిసాహు భయ్యానా?"

"మరి తాడు దాసినాడు గదా?"

"ఎవరు చెప్పినారు? భుజంగరావు చెప్పినాడు. ఆయన ఏ రోజు మనకి నిజం చెప్పినాడు?"

అయినా కర్రలు దించలేదు. తాడు సంగతి తేలలేదు కదా. తులసమ్మ గుమ్మంలోంచి సుక్వారో బాయిని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు వేసుకుంది. రేపు ఆవిడ ఏమంటే బిసాహు బతుకు అది అని అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే కారు పంపాడు భుజంగరావు. "నిన్న మొగుడు పోయినదాన్ని ముహూర్తానికి తోలుకెల్తారేటి, బుద్దుండక్కర్నేదా," అని మా ఆడవాళ్ళు తిట్టారు. భుజంగరావు ముహూర్తం పట్టింపు తెలియనివాడు కాదు. ఆవిడను షామియానా వెనక, జనరేటరు పక్కన నిలబెట్టించాడు. కొబ్బరికాయ కొట్టేదాకా మంత్రి కంట పడకూడదని ఒక కానిస్టేబులును కాపలా పెట్టాడు. మొగుడు చచ్చిన బావికి పది అడుగుల దూరంలో, మేళం వింటూ, మొహం కనిపించకుండా నిలబడింది తులసమ్మ.

అక్కడే ఆవిడ తాడును చూసింది.

షామియానా వెనక గుంజను లాగి మేకుకి కట్టిన తాడు. చివర ఆకుపచ్చ గుడ్డ చుట్టి కుట్టి ఉంది. తడిచేతిలో తాడు జారకుండా తన పాత చీర అంచు చింపి ఆవిడే కుట్టింది. బిసాహు దాచాడన్న తాడు మంత్రి నెత్తి మీద నీడ నిలబెడుతోంది. ఆవిడ ఆ గుడ్డను పట్టుకుని అలాగే ఉండిపోయిందని ఆ కానిస్టేబులే తర్వాత మాకు చెప్పాడు.

కొబ్బరికాయ కొట్టారు. మంత్రి ప్రసంగించాడు. ఊరి అభివృద్ధి అన్నాడు, ఆరోగ్యం అన్నాడు, చిన్న ప్రమాదం జరగడం విచారకరమన్నాడు. భుజంగరావు తులసమ్మను వేదిక మీదికి తెచ్చి మైకు ముందు నిలబెట్టాడు. పక్కనే ఠాణేదారు. ఎదురుగా ఒక పక్క మేం, ఒక పక్క ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, మధ్యలో లాఠీలు. సుక్వారో బాయి ముందు వరసలో ఉంది.

"నా మొగుణ్ణి బిసాహు సంపలేదు," అంది తులసమ్మ.

భుజంగరావు మైకు అందుకుని, "తన భర్తను బిసాహు చంపాడని అంటోంది," అని హిందీలో చెప్పాడు.

ఛత్తీస్‌గఢ్ వాళ్ళలో గగ్గోలు లేచింది. మేం తెలుగువాళ్ళం నోళ్ళు తెరుచుకుని చూశాం. అంత మంది ముందు, అంత పచ్చి అబద్ధం. తులసమ్మకు హిందీ అంతంతమాత్రం. కానీ సుక్వారో బాయి మొహం చూసింది. తన మాట అవతలికి తిరగబడి చేరుతోందని ఆ మొహమే చెప్పింది.

"సుబ్బూ," అని పిలిచింది మైకులో. "ఇలగ రా. గట్టు మీద నిలబడు. నాను సెప్పింది సెప్పినట్టు ఆల్లకి సెప్పు."

సుబ్బు లాఠీల కింద నుంచి దూరి వేదిక ఎక్కేశాడు. మంత్రి ముందు వాణ్ణి కొట్టాలో వద్దో తేల్చుకోలేక ఠాణేదారు ఆగాడు. ఆ ఆగిన కాసేపే మాకు దొరికింది.

"బిసాహు సంపలేదు. ఆడికి చాలు అన్న మాట తెలీలేదు, అంతే. తెలిసినోణ్ణి గట్టు మీంచి లాక్కెల్లిపోనాడు ఈ బాబు." సుబ్బు హిందీలో చెప్పాడు. "తాడు బిసాహు దాసినాడని నిన్న నా గుమ్మంలో కూకుని సెప్పినాడు." సుబ్బు చెప్పాడు. "తాడు ఇక్కడున్నాది. మీ నెత్తి మీదున్నాది."

భుజంగరావు మైకు లాక్కునేలోపే ఆవిడ వేదిక దిగి వెనక్కి నడిచింది. మేకు దగ్గర కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. కానిస్టేబులు చెయ్యి వేశాడు. సుక్వారో బాయి వచ్చి ఆ చెయ్యి తీసేసి, తనూ ముడి పట్టుకుంది.

"నా తాడు ఎలాగా తెగిపోనాది," అంది తులసమ్మ. "ఇది ఆయన తాడు. ఇది నాకిచ్చీండి."

ముడి విడిపోయింది. గుంజ ఒరిగింది. మిగతా ముళ్ళు మా ఆడవాళ్ళూ వాళ్ళ ఆడవాళ్ళూ విప్పేశారు. షామియానా మొత్తం పూలదండలతో సహా మంత్రి మీద, ఇంజనీరు మీద, భుజంగరావు మీద కూలింది. గుడ్డ కింద పెద్దవాళ్ళు ఒకరినొకరు తొక్కుకుంటుంటే, నిన్న కర్రలెత్తుకున్న మేమంతా ఒక్క పరుగున వెళ్ళి గేటు చక్రం చుట్టూ కూర్చున్నాం.

ఇంజనీరు బయటపడి, జుట్టు చెదిరిపోయి, "చాలూ కరో, గేట్ చాలూ కరో," అని అరిచాడు.

మాలో ఒకడు, "చాలు," అన్నాడు. ఛత్తీస్‌గఢ్ ముసలాయన ఒకడు అర్థం కానట్టు చూస్తే, చెయ్యి అడ్డంగా ఊపి చూపించాం. ఆయన తల ఊపి, "చాలు," అన్నాడు. అందరూ అన్నారు. ఎవడూ లేవలేదు.

తర్వాత లాఠీలు వచ్చాయి. అది మీకు వర్ణించి చెప్పను, తిన్నవాళ్ళు మీలోనూ ఉన్నారు. ఒక్కటి చెప్తాను. ఠాణేదారు సుబ్బును వెతికి పట్టుకుని, ఇద్దరి చేత చేతులు వెనక్కి పట్టించి, లాఠీ కొసతో నోటి మీద పొడిచాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఇక వాడు ఎవరి మాటా ఎవరికీ చేర్చలేడని ఠాణేదారు ఉద్దేశం. తులసమ్మను జుట్టు పట్టి వ్యాను ఎక్కించారు. తాడు మాత్రం ఆవిడ నడుముకి చుట్టుకుని ఉంది, లాగితే రాలేదు.

కానీ మురుగుకు లాఠీ భయం లేదు. ఇన్నాళ్ళూ మురుగు పోయిన పాత నాలా దారిని ఆ పొద్దున్నే మంత్రి కోసం సిమెంటు పెట్టి మూసేశారు. కొత్త గేటు పోలీసులు తెరిచారు గాని, బావి నిండింది, పంపు మూతికి పెళ్ళలు అడ్డం, పంపు పని చెయ్యలేదు. దిగడానికి మనిషి లేడు. భుజంగరావు దుర్గ్ నుంచి కొత్త కూలీలను తెప్పించాడు. వాళ్ళు బావి గట్టు మీద నిలబడ్డ మా ఆడవాళ్ళను చూసి, ఏం జరిగిందో విని, వెనక్కి పోయారు. మర్నాటికి స్మృతి నగర్ స్నానాలగదుల్లోకి ఎవరి మురుగు వాళ్ళకే తిరిగొచ్చింది. టెలిఫోన్లు మోగాయి. ఇంజనీరు ఠాణాకు పరుగెత్తుకొచ్చాడు.

ఠాణా ముందు క్యాంప్ 2 అంతా ఉంది. మా కోరికలు చిన్నవి. బిసాహును వదలాలి. భుజంగరావు మీద కేసు పెట్టాలి. గట్టు మనిషీ తాడూ లేకుండా ఎవణ్ణీ దించకూడదు. మా సందులకూ గొట్టం వెయ్యాలి. "ముందు దిగండి, తర్వాత ఆలోచిద్దాం," అన్నాడు ఇంజనీరు. మేం కూర్చునే ఉన్నాం. చివరికి ఠాణేదారు మెత్తబడి, లోపలున్నవాళ్ళకు తిండి పంపుకోమన్నాడు. ఆ ఒక్క మెట్టు దిగాడు.

సుక్వారో బాయి, నేను గిన్నెలు మోసుకుని లోపలికి వెళ్ళాం. అన్నం వాళ్ళ గుడిసెల్లో వండారు, పులుసు మా సందులో కాచారు. ఆడవాళ్ళ గదికీ మగవాళ్ళ గదికీ మధ్య ఊచలే అడ్డం. ఊచలకు అటు బిసాహు గోడకు చేరబడి ఉన్నాడు. వాడి రెండు చేతుల వేళ్ళూ వాచి నల్లబడి ఉన్నాయి. గేటు తిప్పింది ఈ చేతులేనా అని అడిగి మరీ బూటు కింద పెట్టి తొక్కారట. అప్పట్నుంచీ వాడు అన్నం ముట్టలేదు. వాడి పక్కన సుబ్బు మొహానికి గుడ్డ కట్టుకుని పడుకుని ఉన్నాడు.

సుక్వారో బాయి పళ్ళెంలో అన్నం పెట్టింది గాని, మొగుడి చేతులు చూసి పళ్ళెం పక్కన పెట్టేసింది. ఆడవాళ్ళ గదిలో ఉన్న తులసమ్మ పళ్ళెం అందుకుంది. పులుసు పోసి కలిపి, ముద్ద చేసి, ఊచల్లోంచి చెయ్యి పెట్టింది. వాడు తల తిప్పుకున్నాడు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. తన మొగుణ్ణి ముంచిన మనిషి నోటి ముందు చెయ్యి అలా పెట్టుకుని కూర్చుంది. చివరికి వాడు నోరు తెరిచాడు. తింటున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

కొంచెం తిన్నాక వాడు తల అడ్డంగా ఊపి, జాగ్రత్తగా, మా వాళ్ళు పలికినట్టే పలికాడు.

"చాలు, భౌజీ."

తులసమ్మ ఇంకో ముద్ద కలిపింది. ఆవిడ కూడా అప్పుడే ఏడవడం మొదలుపెట్టింది, మొగుడు పోయాక మొదటిసారి.

"చాల్దు," అంది. "తిను. బయట ఇంకా పని ఉన్నాది. చాల్దు."

తలుపు దగ్గరున్న సుక్వారో బాయి బయటి గుంపుకేసి తిరిగి ఆ మాటే అరిచింది. బయట ఉన్నవాళ్ళు అందుకున్నారు. తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు అందరూ చాల్దు, చాల్దు అని అరుస్తుంటే, ఏమంటున్నారని ఇంజనీరు ఠాణేదారునడిగాడు. సుబ్బు దవడ పట్టుకుని లేచి కూర్చుని విన్నాడు. ఆ మాటకు గట్టు మనిషి అవసరం లేకపోయింది.